మా నూనె సీసా మీది తెల్ల ఎలుగుబంటి

మద్రాసులో ఎం.ఎల్. చదువుతున్నాను, అంతర్జాతీయ మేధోసంపత్తి చట్టం. సెలవులకు ధర్మపురి వచ్చి, మధ్యాహ్నం నాన్న తలనూనె అంగడిలో కూర్చున్నాను. ఒక విదేశీ తలనూనె కంపెనీ వకీలు వచ్చి, మా నూనె సీసా మీది గొడుగు పట్టిన తెల్ల ఎలుగుబంటిని చూపించాడు.

"ఇది ఎవరు గీశారండీ?"

నాన్న ముఖం వెలిగిపోయింది. "మా పాపే సార్! పదేండ్లప్పుడు సింగపూరు తలనూనె డబ్బా చూసి, ఉండేది ఉండేట్టే దించింది. ఇప్పుడు ఈ చట్టమే చదువుతా ఉంది."

ఆయన నా పేరు రాసుకున్నాడు. పైగా నాన్న నాలుగు లేబుళ్ళు చుట్టి ఇచ్చాడు. "మీ ఆఫీసులో చూపించండి సార్."

పరీక్షలో ఈ ప్రశ్నే వస్తే మాదే తప్పని నిరూపించి పాసయ్యేదాన్ని. మా తరఫున వాదించే వాళ్ళెవరైనా ఉన్నారా?