ఓబులమ్మకు ఎవరి రక్తమూ సరిపోలేదు

రాష్ట్రం విడిపోయిన మరుసటి ఏడాది ఎండాకాలంలో నన్ను జమ్మలమడుగు ల్యాబు నుంచి ప్రొద్దుటూరులోని ఒక బ్లడ్ బ్యాంకుకు సీనియర్ టెక్నీషియన్‌గా పంపారు. అప్పటికి నా సర్వీసు ఇరవై రెండేళ్లు. అక్కడ నాకు పై అధికారి ఒక్కరే, మెడికల్ ఆఫీసర్ డాక్టర్ సుశీల గారు. రక్తం సంచి బయటికి పోవాలంటే నేను పరీక్ష చేసి రిజిస్టరులో రాయాలి, ఆమె సంతకం చేయాలి.

నేను చేరిన మూడో వారంలో ఓబులమ్మను తీసుకొచ్చారు. జమ్మలమడుగులో పిండిమిషను నడిపే మనిషి, వయసు యాభై దాటింది. పది రోజులుగా కళ్లు పచ్చబడ్డాయి, నాలుగడుగులు వేస్తే ఆయాసం. పన్నెండు ఉండాల్సిన హిమోగ్లోబిన్ నాలుగుకు దిగింది. వార్డు డాక్టరు వెంటనే రెండు సంచుల బి పాజిటివ్ రక్తం కావాలన్నారు.

గ్రూపు కలిసినంత మాత్రాన రక్తం ఎక్కించరు. రోగి సీరంలో, అంటే రక్తం పైకి తేరిన నీటిలో, దాత ఎర్రకణాలు కలిపి, ఒంటి వేడిలో కాసేపు ఉంచి, సెలైన్‌తో కడిగి, చివర కూంబ్స్ సీరం వేసి మిషన్‌లో తిప్పుతాం. రోగి యాంటీబాడీలు దాత కణాలకు అంటుకుని ఉంటే ఆ సీరం కణాలను ఒకదానికొకటి ముడివేస్తుంది, గొట్టం అడుగున గడ్డలు కనిపిస్తాయి. గడ్డలు లేకపోతేనే ఆ రక్తం ఇవ్వొచ్చు. దీన్ని క్రాస్‌మ్యాచ్ అంటారు.

ఫ్రిజ్‌లో ఉన్న రెండు సంచుల రక్తమూ ఈ పరీక్షలో గడ్డ కట్టింది. ఓబులమ్మ భర్త కొండయ్య తన వైపు వాళ్లు ముగ్గురిని పిలిపించాడు. ముగ్గురివీ గడ్డ కట్టాయి. పదకొండు గంటలకు ఆమె తమ్ముడు గంగన్న పులివెందుల నుంచి జీపు నిండా మనుషులతో దిగాడు.

"మా అక్కకు మా రక్తమే సరిపోతాది. నువ్వు కొంచెం పక్కకు జరుగు బావా" అన్నాడు.

జీపులో వచ్చిన వాళ్లలో బి పాజిటివ్ ఐదుగురు. ఐదూ గడ్డ కట్టాయి. తన వాళ్లు పనికిరాలేదని పొద్దుటి నుంచి ముఖం ముడుచుకుని కూర్చున్న కొండయ్య, ఆ సంగతి తెలియగానే అందరికీ టీ తెప్పించాడు.

నేను మాత్రం కూంబ్స్ సీరాన్ని అనుమానించాను. కొత్త సీసా తెరిచాను. అందులోనూ అదే ఫలితం. సరుకు పంపిన ఏజెంటుకు ఫోను చేసి పది నిమిషాలు దబాయించాను. అతను పాపం, మిగతా ఊళ్ల నుంచి ఫిర్యాదేమీ లేదని వినయంగా చెప్పాడు. ఆ వినయానికీ నాకు కోపం వచ్చింది.

మూడు గంటలకు సుశీల గారు రిజిస్టరు తెప్పించుకున్నారు. ఒక గడి మీద వేలు పెట్టి, "ఆటో కంట్రోల్ నెగెటివ్ అని రాశారు శామ్యూలు గారూ. చేశారా?" అని అడిగారు.

ఆటో కంట్రోల్ అంటే రోగి సీరాన్ని రోగి సొంత కణాలతోనే కలిపి చూడటం. ఒకరి రక్తం వాళ్లకే పడకపోవడం అన్నేళ్లలో నేను ఎన్నడూ చూడలేదు. అందుకే ఆ గడిని పొద్దున్నే పేజీ పొడుగునా నింపేయడం నాకు అలవాటైపోయింది. అబద్ధం నోటిదాకా వచ్చింది గానీ, లోపల మంచం మీద ఉన్న మనిషి గుర్తొచ్చింది.

"చేయలేదు మేడమ్" అన్నాను.

"చేసి రండి" అని ఆమె తన పని చూసుకున్నారు. నాలుగు తిట్లు తిట్టినా బాగుండేదనిపించింది.

చేశాను. గడ్డ కట్టింది. వెంటనే డైరెక్ట్ కూంబ్స్ పెట్టాను. అంటే ఓబులమ్మ కణాలను మూడుసార్లు కడిగి, నేరుగా కూంబ్స్ సీరం వేసి తిప్పడం. కణాలన్నీ ఒకే ముద్దై చొక్కా గుండీలా తేలాయి. ఒకటి నుంచి నాలుగు దాకా వేసే కొలతలో అది నాలుగు ప్లస్. ఆమె ఒళ్లే తన ఎర్రకణాలను శత్రువులనుకుని యాంటీబాడీలు తయారుచేస్తోంది. అవి అంటిన కణాలు ఒంట్లోనే నాశనమైపోతున్నాయి. ఎవరి కణాలు కలిపినా అవే యాంటీబాడీలు అంటుకుంటున్నాయి.

రిజిస్టరులో తప్పు రాతను చెరపకూడదు. దాని మీద ఒక్క గీత కొట్టి, పక్కన సరైనది రాసి సంతకం చేశాను. సుశీల గారు ఆ కిందే సంతకం చేశారు.

వరండాలో రెండు వర్గాలకూ సంగతి చెప్పాను. గంగన్న ముందుకు వచ్చాడు.

"అయితే మా రక్తంలో తప్పేం లేదు గదా సారూ? ఆ మాటే ఒక కాగితం మీద రాసియ్యండి. పులివెందులకు పోయి చూపించుకోవల్ల."

కొండయ్య మాత్రం తేలికపడినట్టు నిట్టూర్చాడు. "ముప్పై ఏండ్ల నుంచి చెప్తానే ఉండా సారూ, ఈమెకు ఎవురూ సరిపోరని."

తలుపు పక్క మంచం మీద నుంచి ఓబులమ్మ గొంతు సన్నగా వినిపించింది. "ఇన్నేండ్లు సరిపెట్టుకునింది ఎవురో కూడా చెప్పు."

సుశీల గారు పెద్దాసుపత్రిలోని తమ సీనియర్‌తో ఫోనులో మాట్లాడారు. పూర్తిగా సరిపోయే రక్తం దొరకదు, ఆగితే మనిషి దక్కదు. అన్నిటికంటే తక్కువ గడ్డ కట్టినదాన్ని చుక్కచుక్కగా ఎక్కించి, యాంటీబాడీల తయారీని తగ్గించే స్టెరాయిడ్ మొదలుపెట్టాలన్నది నిర్ణయం. ఆ తక్కువ ఎవరిదో తెలుసుకోవాలని బావాబామ్మర్దులు తలుపు దగ్గరే నిలబడ్డారు. రెండు ప్లస్‌తో ఆగినది ఫ్రిజ్‌లోని సంచి, ఎవరో కాలేజీ కుర్రాడు ఇచ్చినది. ఇద్దరికీ నిరాశే. కానీ అవతలి వాళ్లది కూడా కాదని తేలాక ఇద్దరూ ఒకే బెంచీ మీద కూర్చున్నారు.

మొదటి అరగంట మంచం పక్కనే ఉండి జ్వరం, నాడి చూశాను. రక్తం పడకపోతే వచ్చే చలి రాలేదు, మూత్రం నల్లబడలేదు. చీకటి పడేలోగా ఆయాసం తగ్గింది.

తర్వాత ఆమె వారం వారం పరీక్షకు వచ్చింది. నాలుగు ప్లస్ మూడైంది, మూడు రెండైంది. "దిగిపోతాండాది గదా సారూ, మందు పని చేయలేదా?" అని కొండయ్య దిగులుపడ్డాడు. ఇక్కడ మార్కులు తగ్గితేనే పాసని చెప్పాల్సి వచ్చింది. మూడు నెలలకు హిమోగ్లోబిన్ పదకొండుకు చేరింది, ఓబులమ్మ పిండిమిషను దగ్గరికి వెళ్లిపోయింది. కూంబ్స్ మాత్రం ఒక ప్లస్ దగ్గరే ఉండిపోయింది. ఆ ప్లస్‌కు కాదు, మనిషికి వైద్యం చేయాలని సుశీల గారు దాన్ని అలాగే వదిలేశారు.

ఆ ఉదయం ఇంకొక్క గొట్టం పెట్టి ఉంటే జబ్బు మధ్యాహ్నంలోపే బయటపడేది. నేను మూడు గంటల దాకా ఎనిమిది మంది దాతలను, రెండు సీసాలను, ఒక ఏజెంటును అనుమానించాను. ఎవరి రక్తమూ సరిపోనప్పుడు ముందు రోగి రక్తాన్నే పరీక్షించాలని నేర్చుకున్నాను. చేయని పరీక్షకు ఫలితం రాయకూడదన్నది రెండోది. అది శిక్షణలో మొదటి రోజే చెప్పారు. నాకు ఇరవై రెండేళ్లు పట్టింది.