ఎండిన నాచు బరువు

మా సారు పోయారని సోమవారం పొద్దున ఆయన కూతురు ఫోన్ చేసింది. మధ్యాహ్నం మా మత్స్యశాఖ ఆఫీసులో సంతాప సభ పెట్టారు. ‘సముద్రపు నాచు సాగులో లాభాలు చూపించిన మహానుభావుడు’ అన్నాడు పెద్దాఫీసరు. ఏడుపు ఎక్కడికి పోయిందో, నాకు ఒళ్లు మండిపోయింది. ఆ మనిషికి సిగ్గన్నది లేదు.

సారు చూపించింది లాభాలు కాదు, జాగ్రత్తలు. కోస్తా వెళ్లినప్పుడల్లా గోనెసంచిలో పచ్చి నాచు తెచ్చి, సిటీలో రెజిమెంటల్ బజార్‌లోని మా ఆఫీసు మిద్దె మీద ఆరబెట్టేవారు.

‘ఏందీ సార్ గీ వాసన, అన్నం సుత తినబుద్ధైతలే’ అని వాచ్‌మన్ మొత్తుకునేవాడు.

‘ఇంకో రెండ్రోజులు ఓర్చుకోవయ్యా’ అని సారు బతిమాలేవారు. ఎండాక టైపిస్టునైన నన్ను పైకి పిలిచేవారు. ‘చూశావామ్మా, బుట్టెడు నాచు గుప్పెడైంది. కొనేవాడు ఈ గుప్పెడికే డబ్బులిస్తాడు. పచ్చి బరువు చెప్పి ఎవర్నీ ఆశపెట్టకూడదు.’

నాచు సాగు స్కీము కోసం ఇచ్చిన రిపోర్టులోనూ అదే రాశారు. వెదురు తెప్పకు తాళ్లు కట్టి, తాడు పురుల మధ్య నాచు ముక్కలు దోపితే బాగానే పెరుగుతుంది. వానాకాలపు అలలకు మాత్రం తెప్పలు నిలవవు. అందుకని ఇంటికి ఒకటి రెండు తెప్పలతోనే మొదలుపెట్టాలి, రాబడి ఎండు బరువు మీదే లెక్కగట్టాలి అని.

‘గిట్ల రాస్తే స్కీము పాసైతదా? పచ్చి బరువు పెట్టి మళ్ల టైప్ చెయ్’ అన్నాడు పెద్దాఫీసరు. చేశాను. కింద సారు పేరు అలాగే ఉంచాను. ఉద్యోగం పోతుందని భయపడ్డాను.

ఆ స్కీమును నమ్మి అప్పులు చేసి తెప్పలు కట్టిన కోస్తా పల్లె ఆడవాళ్లకు, నాచు ఎండాక గానీ మోసం తెలియలేదు. సారు ఆ పల్లెకు వెళ్లి వాళ్ల తిట్లన్నీ తిని వచ్చారు. నేను చేసిన పని ఆయనకు తెలుసు. అయినా నాతో, ‘టీ తాగావామ్మా?’ అన్నారంతే. నన్ను నాలుగు తిట్టినా బాగుండేది.

సంతాప సభ మర్నాడు సమాధుల తోటకు ఆ పల్లె నుంచి ఒకామె రైలెక్కి వచ్చింది. పెద్దాఫీసరు పూలదండతో అందరికంటే ముందు నిలబడ్డాడు. ఇక నావల్ల కాలేదు.

‘ఆ లెక్క సారుది కాదు. ఈయన మార్చమన్నాడు, నేను మార్చాను’ అని అందరూ వినేలా అరిచాను.

‘ఇప్పుడెందుకమ్మా ఆ ముచ్చట’ అని ఆయన నసిగాడు.

ఆమె మా ఇద్దరి వంకా చూడలేదు. కొత్తగా పోసిన మట్టి పక్కన కూలబడి, దాన్ని అరచేత్తో తడుతూ, ‘ఆ రోజు అన్నన్ని మాటలన్నాం. ఆ లెక్క నాది కాదని ఒక్క ముక్క చెప్పలేదేం బాబూ?’ అని అడుగుతూనే ఉంది.