సాక్షి ఎదురు తిరగలేదు

సిద్దిపేట జిల్లా అయిన మరుసటి సంవత్సరం నన్ను అక్కడి మెజిస్ట్రేట్ కోర్టుకు అసిస్టెంట్ పబ్లిక్ ప్రాసిక్యూటర్‌గా వేశారు. పోలీసులు పెట్టిన కేసుల్లో ప్రభుత్వం తరఫున వాదించే ఈ వకీలును ఏపీపీ అంటారు. కేసు పోలీసులది, సాక్షులు ఊరివాళ్లు, ఓటమి మాత్రం ఏపీపీది.

ఆ ఓటమి ఎలా వస్తుందో ముందు చెప్పాలి. పల్లెలో కొట్లాట అవుతుంది, కేసు అవుతుంది. విచారణకు వచ్చేలోపు పెద్దమనుషులు ఇరువైపులవారినీ కూర్చోబెట్టి రాజీ చేస్తారు. కొన్ని నేరాల్లో కోర్టు ఆ రాజీని ఒప్పుకుంటుంది. ఆయుధంతో గాయపరిచిన కేసులో ఒప్పుకోదు. దానికి ఊళ్లు కనిపెట్టిన ఉపాయం ఒకటుంది. దెబ్బలు తిన్న మనిషే బోనెక్కి, తనను ఎవరు కొట్టారో తెలియదంటాడు. దీన్ని మేము సాక్షి ఎదురు తిరగడం అంటాం. ఏపీపీ లేచి నాలుగు ప్రశ్నలు గట్టిగా వేసి కూర్చుంటాడు. నిందితుడు ఇంటికి పోతాడు. సాక్షి కూడా తరచూ అదే ఆటోలో పోతాడు.

రూతమ్మ కేసు ఈ కోవలోదే. ఆమెది కొండపాక దగ్గరి ఊరు. భర్త పోయాక ఉన్న కొద్ది పొలం తనే చేసుకుంటోంది. పక్క పొలం మరిది దానియేలుది, బోరు ఉమ్మడిది. మోటరు వంతు దగ్గర మాట పెరిగి అతను కొడవలితో ఆమె భుజం మీద కొట్టాడు. ఎముక విరగలేదు కాబట్టి డాక్టరు సాధారణ గాయమని రాశాడు. చట్టం భాషలో అది సరైన మాటే. కుట్లు వేయించుకున్నవారి అభిప్రాయం అడిగే ఆచారం లేదు. ఇద్దరూ ఒకే చర్చికి వెళ్తారు. గొడవ తర్వాత కూడా ఏ ఆదివారమూ తప్పలేదు, చాపలు మాత్రం దూరంగా వేసుకున్నారు.

సాక్ష్యం రోజు పొద్దున రూతమ్మను మాజీ సర్పంచ్ తన కారులో తెచ్చాడు. అదే కారులోంచి దానియేలు కూడా దిగాడు. నా కేసు సంగతి ఆ కారే చెప్పింది. అయినా పద్ధతి ప్రకారం, ఆమె పోలీసులకు ఇచ్చిన వాంగ్మూలాన్ని వరండాలో ఆమెకే చదివి వినిపించాను. దానియేలును క్షమించానని, పాస్టరు ముందు ప్రార్థన కూడా అయిందని ఆమె చెప్పింది. మాజీ సర్పంచ్ అందుకున్నాడు.

"మాఫ్ జేసినవ్ గద రూతవ్వా. ఇంగ ఎవలు కొట్టిన్రో తెల్వదను. గంతే. అన్నాల యాళ్లకు ఇంటికాడుంటం."

ఇది ప్రభుత్వ వకీలు ఎదుట అనదగ్గ మాట కాదని అతనికి తోచలేదు. నేను గుర్తుచేసేలోపే రూతమ్మ మాట్లాడింది.

"కొట్టింది దానియేలే. తెల్వదంటే మరి నేను మాఫ్ జేసింది ఎవలికి పటేలా? కొట్టనోనికి మాఫ్ ఎట్ల జేస్తరు? నేను గూడ దేవుని ముంగట తప్పు ఒప్పుకున్నంకనే మాఫీ అడుగుత."

"వాడు జైలుకు పోతె వాని పిల్లల్ని నువ్వు సాకుతవా?"

"సాకుత. ఇయ్యాల కొత్తగ నా ఇంట్ల తింటున్నరా ఆళ్లు?"

రూతమ్మ బోనెక్కి, దైవసాక్షిగా ప్రమాణం చేసి, ఎవరు కొట్టారని నేను అడగ్గానే దానియేలును చూపించింది. ఎదురు తిరిగిన సాక్షి కోసం నేను సిద్ధం చేసుకున్న ప్రశ్నలు వృథా అయ్యాయి. దానియేలు వకీలు పరిస్థితి ఇంకా ఇబ్బందికరం. ఆయన అసలు ప్రశ్నలే తెచ్చుకోలేదు. లేచి, మీ మధ్య రాజీ కుదిరింది కదా అని అడిగారు.

"రాజీ గాదు సార్, మాఫ్ జేసిన. రాజీ అంటే మోటరు వంతు గూడ ఇడువుమంటరు. వంతు నాది. గది ఇడువ."

మెజిస్ట్రేట్ గారు తల వంచుకుని రాసుకున్నారు. ఆ మాటలను కోర్టు భాషలోకి ఎలా దించారో తెలియదు.

సాక్ష్యం ముగిశాక, నీ మీద చెప్పినదానికి ఏమంటావని కోర్టు నిందితుణ్ని అడుగుతుంది. అబద్ధం అనేదే అందరి జవాబు. టైపిస్టు వేళ్లకు ఆ మాట కంఠతా వచ్చు. దానియేలు కాసేపు వదినవైపు చూశాడు.

"వదినె చెప్పింది నిజమే సార్. నేనే కొట్టిన."

అతని వకీలు కూర్చున్నారు. అప్పటికే కూర్చుని ఉన్నారనుకుంటాను, ఇంకొంచెం కూర్చున్నారు.

నేరం రుజువైంది. మూడేళ్ల దాకా జైలు వేయవచ్చు. శిక్ష విధించే ముందు కోర్టు ఇరువైపులా వింటుంది, కఠినంగా శిక్షించమనడం ఏపీపీకి అలవాటైన పాఠం. అంతలో వెనక వరుసలోంచి రూతమ్మ లేచింది. మరిదిని జైలుకు పంపొద్దని, తను చెప్పవలసిన నిజం చెప్పేసిందని, ఇక తనకు అతని మీద ఏమీ లేదని చేతులు జోడించి అడిగింది. సత్ప్రవర్తన మీద విడిచిపెడితే ప్రభుత్వానికి అభ్యంతరం లేదన్నాను. అది అతని మొదటి నేరం. ప్రొబేషన్ అధికారి నివేదిక తెప్పించుకుని, మళ్లీ గొడవకు పోనని పూచీ రాయించుకుని మెజిస్ట్రేట్ గారు అతణ్ని ఇంటికి పంపారు.

ఆ తర్వాత కూడా సాక్షులు ఎదురు తిరుగుతూనే ఉన్నారు. ఒక్క రూతమ్మతో ఊళ్ల పద్ధతి మారదు. నేను నేర్చుకున్నది మాత్రం ఒకటుంది. అంతవరకు, క్షమించడమంటే జరిగింది జరగలేదనుకోవడమే అని నా అభిప్రాయం. అది ఎదురు తిరిగిన సాక్షి చేసే పని. క్షమించే మనిషి జరిగిందంతా చెప్పాకనే వదిలేస్తాడు. ఇందుకు చట్టంలో ప్రత్యేకంగా సెక్షన్ లేదు. ఉన్న సెక్షన్లతోనే ఆ కోర్టులో పని జరిగింది.