తంతి రాని వార్త

కొండసామి నాయకర్ వేళ్లు ఊరికే ఉండవు. అన్నం ముందు కూర్చున్నా అరిటాకు అంచున టక్కుటక్కుమని మోర్సు సంకేతాలు కొడుతూనే ఉంటాయి. విరుదునగర్లో సొంతంగా వైర్‌లెస్ సెట్టు పెట్టుకున్నవాడు ఆయనొక్కడే. ఊరు నవ్వినా లెక్కచేయడు. ఆ గాలివాన మధ్యాహ్నం కోవిల్‌పట్టి నుంచి స్నేహితుడు పొన్నయ్య సెట్టు పలికింది: చెరువు తెగింది, నేతగాళ్ల వీధి మునిగింది, జనం ఇళ్ల కప్పులమీద ఉన్నారు, లారీలూ తాళ్లూ పంపండి. నాయకర్ తడుస్తూనే తాలూకా కచేరీకి పరుగెత్తాడు.

"తపాలాఫీసుకు తంతి రానీ నాయకరే, చూద్దాం," అన్నాడు అధికారి, తమలపాకుకు సున్నం రాస్తూ.

"తీగలు తెగిపడినాయి సామీ! తంతి ఎట్ల వస్తాది?"

"తెగినాయని తంతి రానీ."

నాయకర్‌కు ఒళ్లు మండింది. "మునిగినోళ్లు తంతి కొట్టేదాకా కూర్చోండి!" అని అరిచి, పత్తిమిల్లు వాకిట నిలిచిన లారీ ఎక్కాడు.

"ఎవురి ఉత్తరువు నాయకరయ్యా?" అన్నాడు డ్రైవరు.

"నాది. పోనియ్యి."