ముసుగుతో రాజీకి

జమ్మలమడుగులో మా మామ ఏ గదిలో కూర్చున్నా వీపు గోడకే, కళ్లు వాకిలి మీదే. ఎన్నికల ముందు ఆయన పార్టీ మారాడు. అప్పట్నుంచి పులివెందుల దగ్గరి సొంత చీనీ బత్తాయి తోటలో అడుగు పెట్టలేకపోయాడు. పాత పార్టీ పెద్దాయన మనుషులు దారి కాస్తున్నారు. కాయలు చెట్ల కిందే రాలి కుళ్లిపోతున్నాయి.

హైదరాబాద్ నుంచి వచ్చిన నేను ఆయన పక్కనే కూర్చుని ఫోన్‌లో సినిమా చూస్తున్నాను. యూరప్‌లో ఎప్పుడో తీసింది. నల్లముసుగు వీరుడొకడు తండ్రిని చంపినవాళ్ల కోటలోకి దూకి కత్తి తిప్పుతుంటాడు. ఊరంతా వాడికి జేజేలు. మామకు మాత్రం వాడిమీద నమ్మకం కుదరలేదు.

"ఆ గుర్రానికి గడ్డి ఎవురేస్తాండారు?"

"సినిమా మామా!"

"సినిమా అయితే గుర్రం తినదా? వీని ఎనకాల ఎవురో ఉండారు. మొకం సూపియ్యనోన్ని ఎట్ల నమ్ముతాండారో ఆ జనం!"

సినిమా సగంలో ఉండగా లేపి నన్ను ప్రొద్దుటూరు పంపాడు. సాయంత్రం పెద్దాయన రాజీకి వస్తున్నాడు, స్వీట్లు తేవాలి. అలాంటివాళ్లు చెప్పిన టైముకు ఎప్పుడూ రారని నాకెవరూ చెప్పలేదు. ముందన్నా వస్తారు, లేదంటే రానేరారు.

బండిమీద తిరిగొచ్చేటప్పుడు ఎండ, దుమ్ము. హైదరాబాద్‌లో బండెక్కితే కట్టుకునేట్టే ముక్కుమీదుగా నల్లగుడ్డ బిగించి, కూలింగ్ గ్లాసులు పెట్టుకున్నాను. ఇంటి ముందు ఎవరిదో తెల్ల జీపు. ఎవడొచ్చాడో అని అనుమానం. నంబరు ఫొటో తీసి మామకు పంపుదామని ఫోన్ ఎత్తాను. వెనకనుంచి కాలర్ బిగుసుకుంది. చేతిలో స్వీట్ల డబ్బా కిందపడింది.

పెద్దాయన గడపలోకి వచ్చాడు. "ఏమప్పా, రాజీ అని పిలిచి ముసుగోన్ని పెట్టినావే!"

"మా అక్క కొడుకన్నా! రేయ్, గుడ్డ తియ్యిరా!"

"నేనెందుకు తియ్యాలి? ముందు వీణ్ణి కాలర్ వదలమను!"

మామ రెండు చేతులూ జోడించాడు. నాకో, పెద్దాయనకో తెలియలేదు. మామ అలా నిలబడటం నేనెప్పుడూ చూడలేదు. గుడ్డ లాగేశాను.

"ఫోన్ ఇట్లియ్యి. ఎవురికి పంపుతాండావ్?" పెద్దాయన చెయ్యి చాచాడు.

నా ఫోన్ మా అమ్మకే ఇవ్వను. ఒళ్లు మండిపోయింది. కానీ మామ చేతులు ఇంకా దిగలేదు. లాక్ తీసి ఇచ్చాను. ఆయన వేలు ఎక్కడ తగిలిందో ఏమో, సగంలో ఆపిన సినిమా మొదలైంది. స్క్రీన్ నిండా నల్లముసుగు.

"వీడెవుడు?"

"హీరో."

"ఏం జేసినాడు?"

"వాళ్ల నాన్నను చంపినోళ్లను వెతికి వెతికి చంపుతాడు."

ఆయన కాసేపు కత్తియుద్ధం చూశాడు.

"సచ్చినోళ్లకు కొడుకులు లేరా?"

"ఏమో, నేను సగమే చూశాను."

జీపు దగ్గర ఎవరో నవ్వబోయి ఆగిపోయారు. పెద్దాయన లోపలికి వెళ్లి కూర్చున్నాడు. నా ఫోన్‌ను తొడ కింద పెట్టుకున్నాడు. తన ముందున్న టీ గ్లాసు మామ వైపు తోసి, మామ గ్లాసు తీసుకున్నాడు. మామ ముందు తనే తాగాడు. ఆ తర్వాతే పెద్దాయన తాగాడు.

"తోటకు పో. నా మనుషులు అడ్డం రారు. ముద్దనూరు దావన పో, నేను సెప్పి పెడతా."

"సరే అన్నా."

పోయేటప్పుడు ఫోన్ నా చేతికిచ్చాడు. తొడ కింద వేడెక్కి ఉంది. "మొగోడయితే మొకం సూపిచ్చి రావాలని సెప్పు మీ హీరోకు" అన్నాడు. నేను వంగి కిందపడ్డ స్వీట్ల డబ్బా ఎత్తుకున్నాను.

మర్నాడు మామ ట్రాక్టరు తీశాడు. ముద్దనూరు దారి వైపు తిరగనేలేదు. "మరి ఆయన చెప్పాడుగా మామా?" అంటే, "అందుకే" అన్నాడు. కొండాపురం పోయి, సింహాద్రిపురం మీదుగా చుట్టు తిరిగి పోయాం. ఆయన పక్కన మడ్‌గార్డు మీద నేను. ముక్కు నిండా దుమ్ము. గుడ్డ మాత్రం జేబులోనే ఉంది.