హేమచంద్రగారి చెయ్యి

కెనడాలోని రెజైనాలో సర్జన్‌గా పనిచేసి రిటైరైన హేమచంద్రగారు ఇంట్లో ఏది చెడినా ఇంకొకరిని చెయ్యి పెట్టనివ్వరు. ఆ ఉదయం సింకు కింద వంటింటి చెత్తను నలగ్గొట్టే గార్బేజ్ డిస్పోజల్ తిరగక మూలిగితే, కరెంటు తీసేసి, మోకాళ్ల మీద కూర్చుని, దాని అడుగున ఉన్న రంధ్రంలో అలెన్ కీ పెట్టి తిప్పి చూశారు. కదల్లేదు. లోపల గాజుపెంకు ఇరుక్కుంది. భార్య నీరజ పైనుంచి టార్చి వేస్తే, లేచి పొడుగాటి పట్టకారు లోపలికి దించారు. దాని కొన మూడుసార్లూ గాజు పక్కనే వణికి జారిపోయింది. రెండేళ్ల కిందట ఆపరేషన్లు మానేసినప్పుడు, వయసైందని మాత్రమే ఆమెకు చెప్పారు.

"ఎన్నాళ్ల నుంచండీ ఈ వణుకు?" అంది నీరజ.

"అప్పటి నుంచే. అందుకే మానేశాను."

పట్టకారు ఆమె చేతిలో పెట్టి, టార్చి తాను అందుకున్నారు. "తొందరపడకు. అంచు పట్టుకో," అన్నారు. ఆమె పెంకును పైకి తీసేదాకా సింకులో వెలుగు వణుకుతూనే ఉంది. ఈసారి ఆయన ఆ వణుకును దాచుకోలేదు.