పుట్టిన పేరు

మొన్న ఉప్పల్‌లో మా సంఘం సమాధుల తోటకు వెళ్లాను. మా మేనమామ సమాధి మీద సంఘంవాళ్లు కొత్త రాయి పెట్టించారని తెలిసి, పోనీలే, ఇన్నాళ్లకైనా గుర్తు చేసుకున్నారని సంతోషపడుతూనే వెళ్లాను. నల్లరాయి, బంగారు రంగు అక్షరాలు, మంచి పనితనం. కానీ దాని మీద ఎలీషా అని ఉంది. ఆ పేరుతో ఎవరు పిలిచినా ఆయన బతికుండగా ఒక్కసారి కూడా పలకలేదు. ఆ రాయిని చూస్తుంటే నాకు ఒళ్లు మండిపోయింది. సంఘం మీద వచ్చిన కోపం కంటే నా మీద నాకు వచ్చిన కోపమే ఎక్కువ, ఎందుకంటే ఆ పేరును మొదట అచ్చులో పెట్టింది నేనే.

నా వయసువాళ్లకు ఆనాటి నాచారం గుర్తుండే ఉంటుంది, షిఫ్టు సైరన్లూ, టీ కొట్ల దగ్గర నూనె మరకల చొక్కాలూ, కరెంటు లేక వారానికోరోజు మిషన్లన్నీ ఆగిపోయే పవర్ హాలిడేలూ. మా మేనమామ అక్కడే ఒక ఫ్యాక్టరీలో లేతు మిషన్ మీద పనిచేసేవాడు. నల్గొండ వైపు పల్లె నుంచి వచ్చినవాడు. వయసులో ఉండగా బాప్తిస్మం తీసుకుంటే, మా తాత బతికున్న కొడుక్కి కర్మ చేసి, తలమీద నీళ్లు పోసుకుని ఇంట్లోకి వెళ్లిపోయాడు. ఇక్కడ సంఘంలో చూస్తే మరో ఆచారం: నీళ్లలోంచి లేవగానే బైబిలు పేరు పెడతారు, ఆ తర్వాత పాత పేరు ఎవరూ ఎత్తరు, ఎత్తితే అది మర్యాద కాదు. మామ ఒప్పుకోలేదు. "మా అమ్మ పెట్టిన పేరు ఏం పాపం జేసింది?" అన్నాడట. అయినా పాస్టరుగారు రిజిస్టరులో ఎలీషా అనే రాసుకున్నారు.

ఒక పవర్ హాలిడే నాడు మామ సికింద్రాబాదులో ఒక బైబిలు కాలేజీ లైబ్రరీకి వెళ్లి, డిక్షనరీ పక్కన పెట్టుకుని ఇంగ్లీషు పుస్తకమేదో చదువుతుంటే, యేసును నమ్మిన యూదు బిడ్డల కోసం వాళ్ల ఇళ్లలో కొందరు, బిడ్డ చచ్చిపోయినట్టే నేల మీద కూర్చుని దుఃఖదినాలు పాటించేవారని ఆయన కంటపడింది. ఆ రోజంతా ఆ పేజీ దాటలేకపోయానని నాతో చెప్పాడు. అక్కణ్ణుంచి పన్నెండేళ్లు అలాంటి యూదుల వివరాలు వెతికి రాసుకోవడమే పని. ఫ్యాక్టరీలో పని వివరాలు రాసి పారేసే జాబ్ కార్డుల వెనక, ఒక్కో మనిషికి ఒక్కో కార్డు: పుట్టిన పేరు, తల్లి పేరు, ఊరు, చేసిన పని, ఇంటివాళ్లు ఏమన్నారు, సంఘం ఏమన్నది. వైద్యులున్నారు, దర్జీలున్నారు, పండితులున్నారు. యేసును నమ్ముతూనే శుక్రవారం సాయంత్రం తల్లి నేర్పినట్టు యూదుల విశ్రాంతిదినపు దీపం వెలిగించుకున్నవాళ్లున్నారు. వాళ్లను ఇటు తమవాళ్లూ కాదన్నారు, అటు సంఘాలూ అనుమానంగానే చూశాయి. రాజులు కత్తి చూపించి బలవంతంగా బాప్తిస్మపు నీళ్లలో ముంచినవాళ్ల కార్డులను మాత్రం వేరే కట్ట కట్టాడు. "బెదిరించి ముంచినోళ్లను నమ్మినోళ్లల్ల కలపొద్దు బిడ్డా, అది అబద్ధమైతది" అనేవాడు.

నేనప్పుడు నాచారంలోనే ఒక చిన్న ప్రెస్సులో డీటీపీ చేసేదాన్ని. సంఘం వార్షికోత్సవానికి ఆ కార్డులు పుస్తకంగా వేద్దామని కమిటీ తీర్మానించింది. కార్డులన్నీ నేనే టైపు చేశాను. ప్రూఫులు చూసిన పాస్టరుగారు నేరుగా ప్రెస్సుకే వచ్చారు. "రక్షణ పొందినంక పాత పేర్లెందుకమ్మా? కొత్తవే ఉంచు. ఆ దీపాల ముచ్చట, ఆ కత్తుల ముచ్చట తీసెయ్" అన్నారు. సరేనన్నాను. మామను అడగాలని తోచనే లేదు. పాత పేరు ఎత్తకపోవడమే గౌరవమని పుట్టినప్పటి నుంచి విన్నదాన్ని, పరాయి దేశపు మనుషులకు కూడా ఆ గౌరవమే చేస్తున్నాననుకున్నాను. ఎంత బుద్ధితక్కువ పని! పన్నెండేళ్లు వెతికిన పేర్లను ఒక్క మధ్యాహ్నంలో కొట్టేసి, కార్డుల్లో సంఘం మాట దగ్గర ఉన్న బాప్తిస్మం పేర్లు పెట్టేశాను. చివరికి అట్టమీద మామ పేరు కూడా ఎలీషా అనే పెట్టాను.

తెలంగాణ వచ్చిన ఆ వేసవిలో పుస్తకం బయటికొచ్చింది. మన పేరు మనకు దక్కిందని నాచారం రోడ్డంతా గులాల్ చల్లుకుంటోంది. లోపల సభలో మామకు శాలువా కప్పి పుస్తకం చేతికిచ్చారు. నాలుగు పేజీలు తిప్పాడు. ముందు వరసలో కూర్చున్న నా దగ్గరికి వచ్చి మెల్లగా అడిగాడు.

"బిడ్డా, దీంట్ల ఉన్నోళ్లు ఎవరు? ఒక్కరు సుత నాకు తెల్వదు."

అంతే, మరి ఆ పుస్తకం ఊసెత్తలేదు. ఇంటికొచ్చి తిట్టి ఉంటే బాగుండేది. కార్డులు ప్రెస్సులోనే ఉండిపోయాయి. తెచ్చి ఇవ్వడానికి నాకు మొహం చెల్లక రేపు మాపంటూ గడిపాను. ఈలోగా ప్రెస్సు మూతపడి, అవన్నీ చిత్తుకాగితాలతో కలిసిపోయాయి. ఆ మరుసటి వానాకాలంలో మామ కూడా పోయాడు.

ఆయన బైబిల్లో ఒక్క కార్డు మాత్రం దొరికింది. మొన్న అది పట్టుకుని ఇప్పటి పాస్టరు దగ్గరికి వెళ్లి, రాయి మార్చమన్నాను. "రిజిస్టర్‌ల ఎట్లుంటే అట్ల రాయించినం ఆంటీ, ఇప్పుడు మారిస్తే ఎట్ల?" అన్నాడు. నోటికొచ్చినట్టు తిట్టి వచ్చాను. ఇప్పుడు ఉప్పల్‌లో నెత్తిమీద మెట్రో పోతోంది, సైరన్లు మోగిన చోట అపార్టుమెంట్లు లేచాయి, ప్రతి గేటుకూ మెరిసే పేరు పలక ఉంది, ఈ ఊళ్లో ఎవరి పేరు వాళ్లు రాసుకోవడానికి ఇప్పుడు ఎవరికీ భయం లేదు. నా ముందు బల్లమీద ఆ కార్డు ఉంది. పుట్టిన పేరు: ఎల్లయ్య. తల్లి పేరు, ఊరు, చేసిన పని, అన్నీ తన చేత్తోనే నింపుకున్నాడు. ఇంటివాళ్లు ఏమన్నారు: సచ్చిండన్నరు. సంఘం ఏమన్నది అన్నచోట ఏమీ రాయలేదు. ఇవాళ కలం తీసుకుని ఆ ఖాళీలో నేను రాశాను: ఈయన ఎల్లయ్య కాదన్నది, మేనకోడలు టైపు చేసింది.